యోసెమిటీలో మూడు రాత్రులు: మన వంటకు, పెద్దవాళ్ల నిద్రకు సరిపోయే సామాను

మీ ప్రశ్న సారాంశం ఇది. ఆగస్టు చివరి వారంలో మీ దంపతులు, పాప, రాజమండ్రి నుంచి వచ్చిన మీ అత్తయ్యగారు, మావయ్యగారు కలిసి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి కారులో యోసెమిటీ జాతీయ పార్కుకు వెళ్తున్నారు. రెండు రాత్రులు లోయలోని అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లోనూ, ఒక రాత్రి పైనున్న టువాలమీ మెడోస్‌లోనూ ఉంటారు. పెద్దవాళ్లకు పూటపూటా అన్నం, పప్పు, చారు కావాలి. ఏ స్టవ్ కొనాలి, రైస్ కుక్కర్‌ను కారు నుంచి నడపవచ్చా, కూలర్ ఎంతది ఉండాలి, కింద పడుకోలేని పెద్దవాళ్లకు పడక ఎలా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా కుటుంబంతో, వచ్చిపోయే పెద్దవాళ్లతో ఇలా కారులో వెళ్లి టెంట్లలో ఉంటున్నాను కాబట్టి ఒక్కొక్కటే వివరంగా చెబుతాను.

ఇక్కడి దుకాణాల్లో, వీడియోల్లో కనిపించే సామాను జాబితాలు ఎక్కువగా శాండ్‌విచ్, బర్గర్, డబ్బా సూప్ తినేవారిని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వారి వంట పావుగంటలో ముగుస్తుంది, గిన్నెలు రెండే ఉంటాయి, నీళ్లు పెద్దగా ఖర్చు కావు. మన వంటకు సన్నని సెగ మీద చాలాసేపు ఉడకడం, పోపుకు ఒక్కసారిగా పెద్ద మంట, బియ్యం, పప్పు కడగడానికి నీళ్లు, తిన్నాక జిడ్డు గిన్నెలు తోమడానికి మళ్లీ నీళ్లు కావాలి. అందుచేత మీరు మూడు రోజులకు ఏ పూట ఏం వండుతారో ముందు కాగితం మీద రాసుకుని, ఆ వంటను బట్టి సామాను ఎంచుకోండి. సామాను కొనేసి దానికి తగినట్టు తిండి మార్చుకుంటే పెద్దవాళ్లు రెండో రోజుకే నీరసపడతారు.

స్టవ్ విషయంలో నా సలహా స్పష్టం: ప్రొపేన్‌తో నడిచే రెండు బర్నర్ల స్టవ్ కొనండి. మన ఆసియా దుకాణాల్లో చవకగా దొరికే, పక్కన పొడవాటి డబ్బా దూర్చే ఒంటి బర్నర్ స్టవ్‌లు బ్యూటేన్‌తో పనిచేస్తాయి. ఇంట్లో బల్ల మీదే ఉడికించుకుని తినే హాట్‌పాట్‌కు అవి చక్కగా ఉంటాయి గాని, బ్యూటేన్ దాదాపు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. డబ్బా చల్లబడిన కొద్దీ మంట నీరసిస్తుంది. టువాలమీలో ఆగస్టు తెల్లవారుజామున చలి గడ్డకట్టే స్థాయికి దగ్గరగా వస్తుంది. సరిగ్గా మావయ్యగారు కాఫీ అడిగే వేళకు ఆ స్టవ్ మొరాయిస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతూనే ఉంటుంది కనుక ఆ బాధ లేదు.

రెండు బర్నర్ల స్టవ్‌లలో కోల్‌మన్ క్లాసిక్ అనే ఆకుపచ్చ పెట్టె స్టవ్ అందరికీ తెలిసినదే. దానిలో ఒక్కో బర్నర్ గంటకు 10,000 బీటీయూల (వేడిని కొలిచే ఇక్కడి లెక్క) మంట ఇస్తుంది. క్యాంప్ షెఫ్ ఎవరెస్ట్‌లో అది 20,000. పెద్ద అంకె చూసి తొందరపడకండి. మనకు కావలసిన అసలు గుణం మంట ఎంత తగ్గుతుందన్నది. పప్పు అడుగంటకుండా ఉడకాలన్నా, పాలు పొంగకుండా కాగాలన్నా మీట తిప్పినప్పుడు సన్నని నీలి మంట నిలకడగా నిలవాలి. కొన్న రోజే ఇంటి బయట వెలిగించి, మీటను నెమ్మదిగా తగ్గిస్తూ చివరి దశలో మంట ఆరిపోతోందా, నిలుస్తోందా చూడండి. ఆరిపోతుంటే తిరిగి ఇచ్చేయండి. మూతే మూడు వైపులా గాలికి అడ్డుగా నిలబడే నమూనా తీసుకోవడం కూడా ముఖ్యం, ఎందుకంటే చిన్నపాటి గాలికే మంట గిన్నె కింద నుంచి పక్కకు పోయి, అదే పప్పుకు రెండింతల గ్యాస్ ఖర్చవుతుంది. పక్కపక్కన 12 అంగుళాల పెనం ఒకటి, 10 అంగుళాలది ఒకటి పడితే చాలు, అంటే ఒక కుక్కర్, ఒక దోసె పెనం కలిసి నిలుస్తాయి.

గ్యాస్ లెక్క తేలికైనదే. దుకాణాల్లో దొరికే చిన్న ఆకుపచ్చ సిలిండర్‌లో 16.4 ఔన్సులు, అంటే సుమారు 465 గ్రాముల ప్రొపేన్ ఉంటుంది. రెండు బర్నర్లూ పూర్తి మంట మీద పెడితే అది దాదాపు గంటసేపు వస్తుంది. మనం ఎప్పుడూ పూర్తి మంట మీద వండం కాబట్టి, ఐదుగురికి మూడు పూటలా వంట, కాఫీ, టీ, చేతులు కడుక్కోవడానికి వేడినీళ్లు కలిపి రోజుకొకటి చొప్పున వేసుకుని, అదనంగా ఒకటి ఉంచుకోండి. తరచుగా వెళ్లాలనుకుంటే మాత్రం మళ్లీ నింపుకునే 5 పౌండ్ల ట్యాంకు, దానికి తగిన గొట్టం కొనడం మేలు. ఒకసారి వాడి పారేసే ఆ చిన్న సిలిండర్ల అమ్మకాన్ని 2028 జనవరి 1 నుంచి నిషేధిస్తూ కాలిఫోర్నియా 2022లోనే చట్టం చేసింది. ట్యాంకును కారులో నిలువుగా, కదలకుండా కట్టి తీసుకెళ్లండి, ఎండలో ఆపిన కారులో వదిలేయకండి.

ఇక అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన వస్తువు ప్రెషర్ కుక్కర్. మన వాళ్లు చాలామంది బరువని దీన్ని ఇంట్లో వదిలేస్తారు. నా దృష్టిలో టెంటు తర్వాత అంత అవసరమైనది ఇదే. కారణం ఎత్తు. అప్పర్ పైన్స్ సుమారు 4,000 అడుగుల ఎత్తున ఉంది, అక్కడ నీళ్లు 96 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అన్నానికి పెద్ద ఇబ్బంది ఉండదు, కాస్త ఆలస్యమవుతుంది. టువాలమీ మెడోస్ సుమారు 8,600 అడుగుల ఎత్తు. గాలి ఒత్తిడి తగ్గడం వల్ల అక్కడ నీళ్లు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంత పెద్ద మంట పెట్టినా, ఎంతసేపు ఉంచినా మూత లేని గిన్నెలో నీళ్లు ఆ 91 దాటవు. ఆ వేడికి బియ్యం పైన మెత్తబడి లోపల పలుకుగా మిగులుతుంది, కందిపప్పు గంటసేపు ఉడికినా బద్ద బద్దగానే ఉంటుంది. శనగలు, రాజ్మా అయితే ఆశ వదులుకోవలసిందే.

కుక్కర్‌లో వెయిట్ పెట్టాక లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి అదనంగా చేరుతుంది. అందుకే సముద్రమట్టంలో 120 డిగ్రీల దాకా వెళ్లే కుక్కర్ టువాలమీలో 116 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అది చాలు. 2,000 అడుగులు దాటాక ప్రతి 1,000 అడుగులకు వంట సమయం 5 శాతం పెంచాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ఆ ప్రకారం టువాలమీలో సుమారు మూడో వంతు ఎక్కువ సమయం పడుతుంది. ఇంట్లో మీ పప్పు మూడు విజిళ్లకు ఉడికితే అక్కడ నాలుగు రానిచ్చి, ఆవిరి దానంతట అదే పోయేదాకా మూత ముట్టుకోకండి. ఆ చివరి పది నిమిషాల్లోనే పప్పు మెదిగేంత మెత్తబడుతుంది, పైగా ఆ సమయానికి గ్యాస్ ఖర్చు లేదు.

ఐదుగురికి 5 లీటర్ల కుక్కర్ సరిపోతుంది. లోపల ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు స్టీలు గిన్నెలు ఉండేలా చూసుకోండి. కింద పప్పు, పైన బియ్యం పెడితే ఒకే బర్నర్ మీద రెండూ అయిపోతాయి, రెండో బర్నర్ చారుకో కూరకో ఖాళీగా ఉంటుంది. గిన్నెలు కుక్కర్ నీళ్లలో ఉంటాయి గనుక అడుగంటడం అనే మాట లేదు, కుక్కర్ తోమే పనీ ఉండదు. కందిపప్పును ప్రయాణంలోనే ఒక డబ్బాలో నానబోస్తే చేరేసరికి సిద్ధంగా ఉంటుంది. అదనపు రబ్బరు గ్యాస్కెట్ ఒకటి, సేఫ్టీ వాల్వ్ ఒకటి కుక్కర్ లోపలే పెట్టుకోండి. పార్కులోని దుకాణంలో అవి దొరకవు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నిశ్శబ్దం పాటించాలన్న నియమం ఉంది కాబట్టి విజిల్ వేసే వంటలు ఆ వేళల్లో పెట్టకండి. కాఫీకి ఎత్తుతో పేచీ లేదు. 90 డిగ్రీలు దాటిన నీళ్లు పోస్తే స్టీలు ఫిల్టర్‌లో డికాషన్ బాగానే దిగుతుంది, దానికి కరెంటూ కాగితమూ అక్కర్లేదు.

రైస్ కుక్కర్‌ను కారు నుంచి నడపాలన్న ఆలోచన విరమించుకోండి. కారులోని 12 వోల్టుల సాకెట్‌కు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది, అంటే 120 నుంచి 180 వాట్ల దాకానే లాగగలదు. చిన్న రైస్ కుక్కర్‌కే 300 వాట్లు పైబడి కావాలి, ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ అయితే 1,000 వాట్లు. 500 వాట్-అవర్ల పవర్ స్టేషన్, అంటే మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె, కొన్నా ఇన్‌స్టంట్ పాట్ పూర్తిగా వేడెక్కుతూ ఉంటే అరగంటకే ఖాళీ అవుతుంది. క్యాంప్‌సైట్లో కరెంటు ప్లగ్గు ఉండదు. మావయ్యగారికి నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీప్యాప్ యంత్రం అవసరమైతే మాత్రం పవర్ స్టేషన్ తప్పనిసరి. దాన్ని ఆ పనికే దాచి, ఫోన్లను కారు నడిచేటప్పుడు ఛార్జి చేసుకోండి.

వంట చేసేవారి నడుము గురించి ఎవరూ అడగరు గాని, మూడు రోజుల సుఖం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ప్రతి సైట్‌లో ఒక పిక్నిక్ బల్ల ఉంటుంది, దాని ఎత్తు సుమారు 30 అంగుళాలు. మన ఇళ్లలో వంటగది గట్టు 36 అంగుళాలు. ఆ ఆరంగుళాల తేడాకు వంగి వంగి ఉల్లిపాయలు తరిగితే రెండో పూటకే నడుం పట్టేస్తుంది. కాళ్ల ఎత్తును 24, 29, 36 అంగుళాలకు మార్చుకోగల నాలుగడుగుల మడత బల్ల దొరుకుతుంది. దాన్ని 36 మీద నిలిపి స్టవ్ ఒక చివర, తరిగే పలక మధ్యలో, నీళ్ల డబ్బా రెండో చివర పెట్టండి. పిక్నిక్ బల్ల మొత్తం తినడానికి మిగులుతుంది. అత్తయ్యగారు కూర్చుని తరగడం అలవాటైనవారైతే అదే బల్లను 24 మీదకు దించి ఎదురుగా కుర్చీ వేయండి. పరాయి చోట కూడా తన చేతికి పని దొరికితే పెద్దవాళ్లు ఎంత ఉత్సాహంగా ఉంటారో మీరే చూస్తారు.

గిన్నెల్లో కుక్కర్ గాక మందపాటి ఇనుప దోసె పెనం ఒకటి, మూతున్న వెడల్పాటి బాణలి ఒకటి, చారుకు మూడు లీటర్ల స్టీలు గిన్నె, చిన్న పోపు గరిటె, పటకారు, అట్లకాడ, రెండు మసిగుడ్డలు చాలు. ఇనుప పెనం బరువే, అయినా గాలికి పల్చటి నాన్‌స్టిక్ పెనం చల్లారిపోతుంది, ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది. పోపుల డబ్బాను యథాతథంగా తీసుకెళ్లండి, మూతకు బిగువైన రబ్బరు బ్యాండు వేస్తే చాలు. బియ్యం, రవ్వ పూటకింత చొప్పున కొలిచి విడి సంచుల్లో కడితే అక్కడ గ్లాసుల వెతుకులాట ఉండదు. పులిహోర గుజ్జు, ఉప్మాకు పోపు వేసి వేయించిన రవ్వ, కందిపొడి, గోంగూర పచ్చడి ఇంట్లోనే చేసుకుంటే అలసిపోయి చేరిన మొదటి సాయంత్రం పావుగంటలో భోజనం సిద్ధమవుతుంది. ఫలహారానికి పెసరట్టు పిండి నా మొదటి ఎంపిక, ఎందుకంటే అది పులియనక్కర్లేదు. దోసె పిండి తెస్తే డబ్బాలో మూడో వంతు ఖాళీ వదలండి. ప్రయాణపు వేడికి పిండి పొంగడమే గాక, పైకి వెళ్లిన కొద్దీ బయటి ఒత్తిడి తగ్గి లోపలి గాలి మూతను నెట్టుకొస్తుంది. ఇడ్లీని టువాలమీలో పెట్టుకోకండి. ఆవిరి అక్కడ 91 డిగ్రీలే కాబట్టి ఎంతసేపైనా నడిమి భాగం జిగురుగా ఉండిపోయే ప్రమాదం ఉంది.

కూలర్ కొనే ముందు టేపు పట్టుకోండి. ఇది మీ సామాను మొత్తాన్ని శాసించే విషయం. యోసెమిటీలో నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, చీకటి పడ్డాక కారులో తిండి ఉంచడం నిషిద్ధం. కారు అద్దం పగలగొట్టి తలుపును వంచేయడం వాటికి కష్టమేమీ కాదు. ప్రతి సైట్‌లో ఒక ఇనుప పెట్టె ఉంటుంది, బేర్ లాకర్ అంటారు. వాటిలో ఎక్కువ భాగం 33 అంగుళాల లోతు, 45 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉంటాయి. చక్రాలున్న ఎత్తైన కూలర్లు చాలా వరకు ఆ 18 అంగుళాలలో దూరవు. కాబట్టి 16 అంగుళాల ఎత్తు మించని, పొడవాటి కూలర్ తీసుకోండి. వంట సామానుకు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టెలు రెండు, అవి కూడా అదే ఎత్తులో ఉండేవి ఎంచుకుంటే, కూలర్‌తో కలిపి మూడూ పక్కపక్కన లాకర్‌లో ఇముడుతాయి. వండి, తిని, పెట్టెలను లాగినట్టే వెనక్కి తోసి గడియ వేయడం అర నిమిషం పని అవుతుంది.

లాకర్‌లోకి తిండి మాత్రమే వెళ్తుందనుకోవద్దు. వాసన ఉన్న ప్రతిదీ వెళ్లాలి. ఇక్కడివారు టూత్‌పేస్టు, సబ్బు, లోషన్, చెత్త సంచి, ఖాళీ కూలర్ కూడా అని చెబుతారు. మన ఇళ్లకు సంబంధించి నేను ఇంకొన్ని చేరుస్తాను: కొబ్బరినూనె సీసా, అగరుబత్తీలు, అమృతాంజన్, మావయ్యగారి వక్కపొడి, అత్తయ్యగారి చేతిసంచిలో మిగిలిన విమానం బిస్కెట్లు, పాప కారు సీటు సందుల్లో రాలిన చేగోడీ ముక్కలు. బయలుదేరే ముందు రోజు కారు లోపల వాక్యూమ్ చేయించండి. పోపు వేసిన బాణలి, నెయ్యి గరిటె కడగకుండా బల్ల మీద వదిలి నడకకు వెళ్లకూడదు, పగలైనా సరే.

ఐసు దగ్గర ఒక చిన్న లెక్క గుర్తుంటే చాలు. కిలో ఐసు కరగడానికి పీల్చుకునే వేడి, కిలో నీళ్లను 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచే వేడితో సమానం. ఐసుకు ఉన్న ఆ శక్తిని గదిలో వేడెక్కిన కూలర్‌ను, వెచ్చగా ఉన్న నీళ్ల సీసాలను చల్లబరచడానికి వృథా చేయకూడదు. ముందు రాత్రే కూలర్‌లో ఒక సంచి ఐసు వేసి చల్లబరచి, ఉదయం దాన్ని పారబోసి, ఫ్రిజ్‌లో బాగా చల్లబడిన పదార్థాలనే సర్దండి. చిన్న ముక్కల ఐసు కంటే రెండు లీటర్ల సీసాల్లో గడ్డకట్టించిన నీళ్లు నెమ్మదిగా కరుగుతాయి, కరిగాక తాగడానికీ పనికొస్తాయి, పెరుగు డబ్బా నీళ్లలో తేలదు. లోపల చవకైన థర్మామీటర్ ఒకటి ఉంచి 4 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. మిగిలిన అన్నాన్ని రెండు గంటలలోపు పల్చగా పరిచిన డబ్బాలో కూలర్‌లోకి చేర్చండి, లేదా పారేయండి. వెచ్చగా వదిలిన అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా విడుదల చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్దవాళ్లు అన్నం పారేయడానికి ఒప్పుకోరని నాకు తెలుసు. అందుకే పూటకు సరిపడా కొలిచి వండడమే మార్గం.

నీళ్లకు 7 గ్యాలన్ల డబ్బా ఒకటి బాగా అమ్ముడవుతుంది గాని నిండితే 26 కిలోల పైమాటే, కుళాయి నుంచి సైట్ దాకా మోయడం కష్టం. మూడు, నాలుగు గ్యాలన్లవి రెండు కొని, అడుగున చిన్న కుళాయి ఉన్నదాన్ని బల్ల అంచున పెట్టండి. గిన్నెలు తోమడానికి మడతపెట్టే రబ్బరు తొట్లు రెండు, ఒకదానిలో సబ్బు నీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు. తోమే ముందు నూనెను కాగితంతో తుడిచేస్తే సగం నీళ్లు ఆదా అవుతాయి. ఆ నీళ్లను వడకట్టి మెతుకులు చెత్తలో వేసి, నీళ్లను క్యాంప్‌గ్రౌండ్‌లో చూపిన తూములోనే పోయాలి, చెట్టు మొదట్లో కాదు.

పడక గురించి మీకు ఉన్న బెంగ సరైనదే, అయితే చలి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే పరిష్కారం సులువు. దుప్పట్లు ఎన్ని కప్పినా చలి కింద నుంచి వస్తుంది. ఇంట్లో అతిథులకు వేసే గాలి పరుపు టెంటులో అన్నిటికంటే చల్లని పడక, ఎందుకంటే దానిలోని గాలి లోపలే తిరుగుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తూ ఉంటుంది. క్యాంపింగ్ పరుపుల మీద ఆర్-వాల్యూ అనే అంకె రాసి ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే నేల చలిని అంతగా ఆపుతుంది. లోయలో ఆగస్టు రాత్రులకు 2 లేదా 3 చాలు, టువాలమీకి 4 పైబడి ఉండాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ అంకెలు కలుస్తాయి, కాబట్టి ఉన్న పరుపు కింద 2 విలువ గల నురుగు చాప వేసినా ప్రయోజనం కనిపిస్తుంది.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మడత మంచాలు కొనండి, నేల నుంచి కనీసం 16 అంగుళాల ఎత్తున్నవి. లేచేటప్పుడు పాదాలు నేలకు ఆని, మోకాళ్లు పూర్తిగా ముడవకుండా ఉండేది ఆ ఎత్తులోనే. కొనే ముందు దుకాణంలో వారినే కూర్చోబెట్టి, ఎవరి చేయీ పట్టుకోకుండా లేవమనండి. మంచం కింద గాలి ఆడుతుంది కాబట్టి వట్టి గుడ్డ మంచం చలి పుట్టిస్తుంది. దాని మీద మూడు అంగుళాల మందం గల, దానంతట అదే గాలి నింపుకునే నురుగు పరుపు తప్పక వేయాలి. మమ్మీ ఆకారంలో ఉండే ఇరుకు స్లీపింగ్ బ్యాగులు పెద్దవాళ్లకు ఊపిరాడనట్టు అనిపిస్తాయి. చదరంగా పూర్తిగా విప్పుకునే బ్యాగులు తీసుకుని, వాటి మీద రాసే రెండు అంకెల్లో కంఫర్ట్ అన్నదాన్నే నమ్మండి. లిమిట్ అన్నది చలికి ఓర్చుకునే అంచు మాత్రమే. కారులో చోటుంటే ఇంటి నుంచి బొంత, తలగడలు తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు, కారులో వెళ్తున్నందుకు ఉన్న సౌలభ్యమే అది. వారి టెంటు లోపల నిటారుగా నిలబడగలిగే ఎత్తు ఉండాలి. చీర కట్టుకోవాలన్నా, ప్యాంటు వేసుకోవాలన్నా వంగి తంటాలు పడకూడదు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. చలి ఎంత ఉన్నా టెంటు లోపల స్టవ్ గాని, గ్యాస్ హీటర్ గాని, బొగ్గుల కుంపటి గాని వెలిగించకూడదు. వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వేడినీళ్లు పోసిన రబ్బరు సంచిని పాదాల దగ్గర పెట్టడం సురక్షితమైన వెచ్చదనం, చాలాసేపు నిలుస్తుంది.

కుర్చీలకూ ఇదే ఎత్తు సూత్రం వర్తిస్తుంది. నేలకు ఆనుకుని ఉండే కుర్చీలు పిల్లలకు బాగుంటాయి. పెద్దవాళ్లకు చేతులున్న, కూర్చునే చోటు 17 అంగుళాల ఎత్తున్న గట్టి మడత కుర్చీ కావాలి. రాత్రి మరుగుదొడ్డికి వెళ్లడానికి ఒక్కొక్కరికీ తలకు కట్టుకునే దీపం ఇవ్వండి, చేతికర్ర పట్టుకునే చేయి ఖాళీగా ఉంటుంది. రిజర్వేషన్ ఇంకా మార్చుకోగలిగితే మరుగుదొడ్డికి దగ్గరి సైట్ చూడండి, మరీ ఆనుకుని ఉన్నది వద్దు. లోయలోని క్యాంప్‌గ్రౌండ్‌లలో స్నానాల గదులు లేవు, కాబట్టి వెడల్పాటి తడి తువ్వాళ్లు, ఒక బకెట్టు, చెంబు పెట్టుకోండి.

కట్టెల మంట మీద వండాలని పాప సరదా పడుతోందని రాశారు. సాయంత్రం ఒక మొక్కజొన్న కంకి కాల్చుకునే దాకా అయితే చాలా బాగుంటుంది, అన్నం పప్పు బాధ్యత దానికి అప్పగించకండి. లోయలో మే 1 నుంచి సెప్టెంబరు 30 వరకు సాయంత్రం 5 నుంచి రాత్రి 10 మధ్యే మంట వేయనిస్తారు, ఎండాకాలంలో కార్చిచ్చు భయం పెరిగితే ఆంక్షలు ఇంకా బిగుస్తాయి. లోయలో కట్టెలు ఏరకూడదు, ఇంటి నుంచి తేకూడదు, వాటిలో దాగిన పురుగులు అడవికి సోకుతాయి. పార్కు దగ్గరే కొనండి. మావయ్యగారికి ఆయాసం ఉంటే గాలి వాలు చూసి ఆయన కుర్చీని పొగ రాని దిక్కున వేయండి.

ఖర్చు విషయానికి వస్తే, స్టవ్, ఎత్తు మారే బల్ల, సరైన ఎత్తున్న కూలర్ మొదట కొనండి. ఇవి ఏళ్ల తరబడి ఉంటాయి. కుక్కర్, పెనం ఇంట్లోవే. టెంటు, పరుపులు, స్లీపింగ్ బ్యాగులను క్యాంపింగ్ సామాను అమ్మే ఆర్‌ఈఐ దుకాణాలు కొన్నిటిలో అద్దెకు ఇస్తారు, మొదటిసారి అలా తెచ్చుకుని పెద్దవాళ్లకు ఏది పడుతుందో చూశాకే సొంతవి కొనండి. కారు పైన బిగించే టెంటు గురించి అడిగారు, నిచ్చెన ఎక్కలేనివారు ఇద్దరు ఉన్నప్పుడు అది మీకు వద్దు. వెళ్లే ముందు శనివారం ఇంటి వెనక ఇదే బల్ల, ఇదే స్టవ్, ఇవే గిన్నెలతో ఒక పూట భోజనం పూర్తిగా వండి, రెండు తొట్లలో తోమి, పెట్టెల్లోకి తిరిగి సర్దండి. వంటకు ఏ చెంచా, ఏ గిన్నె కోసం మీరు ఇంట్లోకి లేచి వెళ్లారో అవి ఆ రెండు పెట్టెల్లో చేరాలి. అసలు ముట్టుకోనివి ఇంట్లోనే ఉండిపోవాలి.